విమానమంటే బెదురా? మొదటి చిన్న విదేశయాత్రకు సన్నాహం



ఈ రోజు మీతో ముచ్చటించబోయే విషయం కొందరికి వింతగా తోచవచ్చు. విమానం పేరెత్తితేనే గుండె దడదడలాడేవాళ్ళు, జీవితంలో మొదటిసారి ఓ నాలుగు రోజులు విదేశానికి వెళ్ళిరావాలంటే ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి అన్నదే ఆ విషయం.

ఇది డబ్బున్నవాళ్ళ గోల, మనకెందుకని రేడియో కట్టేయకండి. అనంతపురం, హిందూపురం, మదనపల్లె, కుప్పం, ఇటు కోలారు, హోసూరు, ఏ ఊళ్ళో ఏ వీధిలో చూసినా పిల్లలు విదేశాల్లో ఉన్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. కూతురి పురుటికి రమ్మని పిలుపు వస్తుంది. కొడుకు కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి రమ్మంటాడు. తల్లి మోకాళ్ళ నొప్పులంటుంది, తండ్రి పొలం పనులంటాడు. ఆ నొప్పులూ నిజమే, ఆ పనులూ నిజమే. కానీ వాటి చాటున చాలా ఇళ్ళల్లో మరో కారణం దాగి ఉంటుంది. అది భయం. పైకి చెప్పుకుంటే నవ్వుతారని చెప్పుకోని భయం. దానివల్ల మనవణ్ణి ఫోను తెరమీదే చూసి సరిపెట్టుకుంటున్న అమ్మమ్మలు, తాతయ్యలు ఎందరో ఉన్నారు.

నేను హెబ్బగోడిలో ఉంటాను. బెంగళూరు నుంచి హోసూరు పోయే దారిలో, ఎలక్ట్రానిక్ సిటీ దాటగానే వచ్చే ఊరు. తెలుగు పిల్లలకూ కన్నడ పిల్లలకూ పాఠాలు చెప్పుకునే పంతులమ్మను. నాకూ విమానమంటే భయమే. ఇంతవరకు ఒక్కసారే ఎక్కాను, బెంగళూరు నుంచి హైదరాబాదుకు, ఒక వానాకాలపు సాయంత్రం. మబ్బుల్లో విమానం ఊగినంతసేపూ మావారి చెయ్యి వదల్లేదు. దిగిన తర్వాత చూస్తే ఆయన చేతిమీద నా గోళ్ళ గుర్తులు పడి ఉన్నాయి. ఇప్పుడు న్యూజెర్సీలో ఉన్న మా అక్క తన కూతురి పెళ్ళికి రమ్మంటోంది. దారిలో విమానం మారుతూ ఒక పగలూ ఒక రాత్రీ పట్టే ప్రయాణం. అంత పెద్ద ప్రయాణానికి ముందు ఒక చిన్న ప్రయాణం చేసి చూద్దామని మా ఇంట్లో నిర్ణయించుకున్నాం. ఆ చిన్న ప్రయాణం కోసం కనుక్కున్నవీ, అనుకున్నవీ మీతో పంచుకుంటాను.

నేను భయమని చెప్పగానే మా బడిలోని కన్నడ పంతులమ్మ ‘హెదరబేడి’ అంది. భయపడవద్దని అర్థం. ప్రేమతోనే అంది. కానీ భయపడవద్దంటే పోయేది భయం కాదు కదా! భయం పోయాక బయలుదేరదామని కూర్చుంటే ఎప్పటికీ బయలుదేరం. భయాన్నీ ఒక సామానుగా లెక్కవేసి, అది మోయగలిగినంత చిన్న ప్రయాణాన్ని ఎంచుకోవాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగిలినదంతా దీనికి వివరణ.

మొదట ప్రమాదం సంగతి దాచకుండా మాట్లాడుకుందాం. 2025 జూన్ 12న అహ్మదాబాదులో విమానం కూలిన దృశ్యం మనలో ఎవరూ మరిచిపోలేదు. అందులో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికి బయటపడ్డారు. నేలమీద మరో 19 మంది పోయారు. పెద్దవాళ్ళకు 1990 ఫిబ్రవరి 14 కూడా గుర్తుండే ఉంటుంది. ఆ రోజు బెంగళూరులో, అప్పటి హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయం దగ్గర, బొంబాయి నుంచి వచ్చిన విమానం కూలి 92 మంది మరణించారు. ఇవి జరగలేదని ఎవరూ అనలేరు. భయపడేవాడికి వీటిని గుర్తు చేయకపోతే మరిచిపోతాడనుకోవడం కూడా పొరపాటే.

అయితే రెండో వైపు కూడా చూడాలి. 2024లో ప్రపంచం మొత్తం మీద నాలుగు కోట్లకు పైగా విమాన ప్రయాణాలు జరిగితే, ప్రాణాలు పోయిన ప్రమాదాలు ఏడు. మన దేశపు రోడ్లమీద 2022వ సంవత్సరం ఒక్కదానిలోనే 1,68,491 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, హైదరాబాదు నుంచి బెంగళూరు వస్తున్న బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు ఆహుతయ్యారు. అది మనందరం రాత్రిపూట కన్నుమూసుకుని నిద్రపోతూ వచ్చే దారే. ఆ మర్నాడు కూడా మనం బస్సెక్కాం. ఎందుకంటే బస్సు మనకు అలవాటు. దాని కుదుపు తెలుసు, హారను తెలుసు, కావాలంటే ‘ఆపు’ అనవచ్చు. విమానంలో ఆపమనే వీలు లేదు. అంటే మన భయం ప్రమాదం ఎంతుందో లెక్కచూసి పుట్టింది కాదు. తెలియనితనం నుంచి, చేతిలో ఏమీ లేదన్న భావం నుంచి పుట్టింది. అందుకే అంకెలు ఎన్ని చెప్పినా అది పూర్తిగా పోదు. తెలియనిదాన్ని కాస్త తెలిసినదానిగా మార్చుకుంటే మాత్రం తగ్గుతుంది.

కాబట్టి విమానంలో ఏమి జరుగుతుందో ముందే వరుసగా తెలుసుకుందాం. ఎక్కి కూర్చున్నాక, విమానం కదలకముందే కొన్ని రకాల విమానాల్లో కాళ్ళ కిందినుంచి కుక్క మొరిగినట్టు ఒక శబ్దం వస్తుంది. ఎయిర్‌బస్ ఏ-320 జాతి విమానాల్లో ఇది మామూలు. లోపలి ఒత్తిడి గొట్టాలను నడిపే పరికరం చేసే చప్పుడు అది. తర్వాత రన్‌వే మీద పరుగు. అది అర నిమిషం, మహా అయితే ముప్పావు నిమిషం. సీటు వీపును నెట్టినట్టుంటుంది. నేల విడిచిన కాసేపటికి కింద ‘ధన్’మని ఒక చప్పుడు. చక్రాలు లోపలికి ముడుచుకుని తలుపులు మూసుకున్నాయన్నమాట. ఆ తర్వాత ఇంజను హోరు ఒక్కసారిగా తగ్గి, కిందికి జారుతున్నట్టు కడుపులో అనిపిస్తుంది. నాలాంటివాళ్ళు ‘అయిపోయింది’ అనుకునేది ఇక్కడే. నిజానికి విమానం పైకే పోతుంటుంది. పైకి లేచేటప్పుడు కావలసినంత బలం ఆపైన అక్కర్లేదు గనుక ఇంజను జోరు తగ్గిస్తారు, అంతే.

ఊపు సంగతి. గాలి కంటికి కనబడదు గాని, దానిలోనూ ఎత్తుపల్లాలు, సుళ్ళు ఉంటాయి. గతుకుల దారిలో బస్సు ఎగిరినట్టే విమానమూ ఎగురుతుంది. కిటికీలోంచి చూస్తే రెక్క కొస కిందికీ పైకీ ఊగుతూ కనిపిస్తుంది. అది ఊగడానికే చేసింది. వెదురు వంగుతుంది కాబట్టే గాలివానకు విరగదు. విమానం తన జీవితకాలంలో మోయవలసి వస్తుందని లెక్కకట్టిన గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోగలదని రుజువు చూపితేనే దానికి అనుమతి ఇస్తారు. ఊపులో దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు పెట్టుకోకుండా నిలబడ్డవాళ్ళకు, కూర్చున్నవాళ్ళకు. అందుకని దీపం ఆరిపోయినా బెల్టు విప్పకండి. కాస్త వదులు చేసుకోండి చాలు.

లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉండే గాలికి సమానంగా ఉంచుతారు. ఊటీ ఎత్తు దాదాపు 7,350 అడుగులు. అంటే కాసేపు ఊటీలో కూర్చున్నట్టే. ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ చెవులు బిగుసుకుంటాయి. ఒక పిప్పరమెంటు చప్పరిస్తూ గుటకలు వేస్తే సర్దుకుంటాయి. దిగినప్పుడు రెక్కల మీద పలకలు నిలువుగా లేస్తాయి, ఇంజన్లు భయంకరంగా గర్జిస్తాయి. అవి విమానాన్ని ఆపే పనులు. ఒక్కోసారి దిగబోయి మళ్ళీ పైకి లేచిపోతుంది. రన్‌వే ఖాళీగా లేకపోయినా, గాలి అనుకూలంగా లేకపోయినా అలా చేస్తారు. అది జాగ్రత్తకు గుర్తు. అందుకు సరిపడా ఇంధనం మోసుకునే బయలుదేరుతుంది.

సరే, ఎక్కడికి వెళ్ళాలి? మొదటి యాత్రకు ఊరి అందం కంటే గాలిలో ఉండే సమయం చూసి ఎంచుకోండి. బెంగళూరు నుంచి సింగపూరుకు, దుబాయికి నాలుగు గంటలు దాటుతుంది. మాల్దీవులకు రెండు గంటలకు అటూ ఇటూ. కొలంబోకు దాదాపు గంటన్నర. మేము కొలంబో ఎంచుకున్నాం. ఒక్క ముక్క చెబుతాను వినండి. హెబ్బగోడి నుంచి దేవనహళ్ళి విమానాశ్రయం దాదాపు అరవై కిలోమీటర్లు. సిల్కు బోర్డు దాటి, ఊరంతా ఈది అక్కడికి చేరడానికి రద్దీ వేళల్లో రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. అంటే మేము రోడ్డుమీద ఉండేదానికంటే ఆకాశంలో ఉండేది తక్కువ. ఈ లెక్క చూసుకున్న రోజు నాకు మొదటిసారి నవ్వొచ్చింది.

శ్రీలంకను ఎంచుకోవడానికి మరో కారణం కూడా ఉంది. కొత్త దేశమే అయినా పూర్తిగా పరాయిది కాదు. అన్నం, కొబ్బరి, అరటాకు, మల్లెపూలు అన్నీ ఉంటాయి. కాండీ నగరాన్ని 1739 నుంచి 1815 వరకు ఏలిన నలుగురు నాయక్కర్ రాజులకు మదురై నాయకులతో చుట్టరికం, తెలుగు మూలాలు ఉన్నాయి. చివరివాడు శ్రీ విక్రమ రాజసింహుడు. బుద్ధుని దంతం ఉన్న దళదా మాలిగావ ముందు కనిపించే సరస్సు ఆయన తవ్వించినదే. 1815లో ఇంగ్లీషువాళ్ళు ఆయన్ను పట్టుకుని, మర్నాటి ఏడు ఓడలో మద్రాసుకు తెచ్చి, వేలూరు కోటలో ఉంచారు. అక్కడే 1832లో కన్నుమూశాడు. వేలూరులో పాలారు ఒడ్డున ఆయన సమాధి ఉంది. ఆ పాలారు మన నంది కొండల దగ్గర పుట్టి, కుప్పం మీదుగా పోయే పాలారే. చిత్తూరువాళ్ళు వేలూరు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఓ పూట తీరిక చేసుకుని ఆ సమాధి చూడండి. సముద్రం అవతలి రాజు మన పొరుగున పడుకుని ఉన్నాడని తెలిస్తే, ఆ దేశం కాస్త దగ్గరవుతుంది.

ఏ నెలలో వెళ్ళాలి? శ్రీలంక పడమటి తీరంలో మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. అక్టోబరు, నవంబరుల్లో సాయంత్రపు ఉరుములు, తుఫానులు. 2025 నవంబరు చివర దిత్వా తుఫాను ఆ దేశాన్ని అతలాకుతలం చేసింది, కొండ ప్రాంతాల రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. జనవరి నుంచి మార్చి వరకు ఆ తీరంలో వాతావరణం నెమ్మదిగా ఉంటుంది. మేము సంక్రాంతి దాటాక, రెండు సి.ఎల్.లు పెట్టి, మూడు రాత్రులకు వెళ్తున్నాం. వీలైతే ఉదయపు విమానం చూసుకోండి. ఎండ ముదిరేకొద్దీ నేల వేడెక్కి గాలి కలత పెరుగుతుంది. పైగా సాయంత్రపు విమానమైతే పొద్దుటినుంచీ భయపడుతూ కూర్చోవాలి. సీటు రెక్కల దగ్గర తీసుకోండి, అక్కడ ఊపు తక్కువ. తోక దగ్గర ఎక్కువ.

దిగాక ఏమి చేయాలో కూడా తేలికగా పెట్టుకోండి. కొలంబో విమానాశ్రయం కటునాయకలో ఉంది. పక్కనే నెగొంబో అనే సముద్రతీరపు ఊరు. మొదటి రాత్రి అక్కడే ఆగితే దిగిన అలసట తీరుతుంది. రెండో రోజు కాండీ. అది కొలంబో నుంచి 115 కిలోమీటర్లు, కొండదారి. రైలు ఉందో లేదో బయలుదేరే ముందు కనుక్కోవాలి, లేకపోతే కారు. మూడో రోజు పేరాదెణియ వనం చూసి, మళ్ళీ నెగొంబో చేరి, మర్నాడు తిరుగు విమానం. మూడు రాత్రుల్లో దేశమంతా చూడాలని పరుగెత్తకండి. తిరుగు ప్రయాణానికి ముందురోజు ఖాళీగా ఉంచుకోండి. భయపడేవాళ్ళకు అలసట శత్రువు.

ఇక కాగితాలు. పాస్‌పోర్టు లేనివాళ్ళు కనీసం రెండు మూడు నెలల ముందే దరఖాస్తు పెట్టుకోండి. పెద్దవాళ్ళకు ముప్పై ఆరు పేజీల పుస్తకానికి మామూలు రుసుము 1,500 రూపాయలు, తత్కాల్‌కు మరో 2,000. పోలీసు విచారణ ఉంటుంది, ఆధార్‌లోని పేరూ పుట్టినతేదీ, పదో తరగతి సర్టిఫికెట్టులోనివీ ఒక్కటిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. మన జిల్లాల్లో ఇంటిపేరు దగ్గరే తగవు వస్తుంది. ఒకచోట ఒక్క అక్షరం, మరోచోట పూర్తి పేరు. పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు గడువు చూసుకోండి. ప్రయాణం నాటికి ఇంకా ఆరునెలలైనా మిగిలి ఉండాలి. శ్రీలంకకు ముందుగా ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకోవడం మంచిది. ఆ దేశ ప్రభుత్వపు అధికారిక వెబ్‌సైటులోనే తీసుకోండి, దళారుల నకిలీ సైట్లు చాలా ఉన్నాయి. రుసుమూ నిబంధనలూ తరచు మారుతుంటాయి గనుక టిక్కెట్టు కొనేముందు ఒకసారి, బయలుదేరేముందు ఒకసారి చూడండి. ప్రభుత్వోద్యోగులు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ప్రయాణ బీమా మరవకండి. పాస్‌పోర్టు లేకుండా మొదటి అడుగు వేయాలనుకునేవాళ్ళకు నేపాల్ ఉంది. మన ఓటరు గుర్తింపు కార్డుతోనే అక్కడికి విమానంలో వెళ్ళవచ్చు.

సామాను విషయంలో మనవాళ్ళకు ఒక హెచ్చరిక. ఆవకాయ జాడీ, నెయ్యి చేతిసంచిలో పెట్టవద్దు, తనిఖీలో ఆపేస్తారు. ద్రవాలేవైనా వంద మిల్లీలీటర్లకు మించిన సీసా చేతిసంచిలో పనికిరాదు. ఫోనుకు ఛార్జి పెట్టే పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెట్టకూడదు. రోజూ వేసుకునే మందులు చీటీతో సహా చేతిలో ఉంచుకోండి.

విమానాశ్రయానికి మూడు గంటల ముందు చేరాలి. మా వైపువాళ్ళకు ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వాయువజ్ర బస్సులున్నాయి. హిందూపురం, పెనుకొండ, చిక్కబళ్ళాపురంవాళ్ళు అదృష్టవంతులు. దేవనహళ్ళి వాళ్ళకు బెంగళూరు కంటే ముందే తగులుతుంది. విదేశీ విమానాలు 2023 సెప్టెంబరు నుంచి రెండో టెర్మినల్ నుంచే బయలుదేరుతున్నాయి. వెదురు తాపడం, వేలాడే మొక్కలు ఉన్న కట్టడం అది. ఎవరినైనా దించడానికి వెళ్ళినప్పుడు బయట నిలబడి ఒక గంట చూసి రండి. నేను రెండు ఆదివారాలు అలా వెళ్ళాను. వరుసగా విమానాలు లేవడం, దిగడం చూశాను. మొదటి ఆదివారం ప్రతి విమానానికీ నా ఊపిరి ఆగింది. రెండో ఆదివారం నడుమ నడుమ వేరుశనక్కాయలు తినగలిగాను.

లోపల కూర్చున్నాక భయం వస్తుంది. రానివ్వండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. తీసుకునేదానికంటే వదిలేది ఎక్కువ ఉండాలి. పాదాలు నేలకు ఆనించండి. కాఫీ ఎక్కువ తాగవద్దు. ధైర్యానికని మద్యం ముట్టవద్దు, వైద్యుణ్ణి అడగకుండా నిద్రమాత్ర అసలు వేయవద్దు. గుండెజబ్బు, ఊపిరి జబ్బు ఉన్నవాళ్ళూ, నిండుచూలాళ్ళూ వైద్యుడి మాట ముందు వినాలి. టిక్కెట్టు చూస్తేనే ఒళ్ళు వణికి, రాత్రుళ్ళు నిద్ర పట్టనంత భయమైతే దానికి వైద్యం ఉంది. మన హోసూరు రోడ్డుమీదే నిమ్హాన్స్ ఉంది. ఊరు కదలలేనివాళ్ళు టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. భయాన్ని దాచుకోవద్దు. విమానంలోని సిబ్బందికి ‘నాకు కొంచెం భయమండీ’ అని చెప్పండి. వాళ్ళకది కొత్త కాదు, మధ్యలో ఒకసారి వచ్చి పలకరిస్తారు. ఇంట్లో అమ్మకో నాన్నకో భయముంటే పిల్లలు నవ్వకండి. ‘అంత చదువుకున్నావు, ఇదేం పిరికితనం’ అనకండి. చదువుకూ దీనికీ సంబంధం లేదు. ‘నాన్నా, మొదట గంటన్నర ప్రయాణం చేసి చూద్దాం, నచ్చకపోతే అమెరికా మాట ఎత్తను’ అనండి. మాట ఇచ్చాక దానిమీద నిలబడండి. వెళ్ళివచ్చాక కూడా వద్దనిపిస్తే అది వాళ్ళ నిర్ణయం. ఒకసారి చూసి వద్దనుకోవడం వేరు, చూడకుండానే భయంతో తలుపు మూసుకోవడం వేరు.

మా ఇంట్లో టిక్కెట్లు కొన్నాం. రెక్క పక్క సీట్లు, ఉదయపు విమానం. బీరువాలో పాస్‌పోర్టుల పక్కన ఒక పిప్పరమెంట్ల పొట్లం కూడా ఉంది. నా భయం ఎక్కడికీ పోలేదు, నాతోనే వస్తుంది. గంటన్నర అది నా పక్కనే కూర్చుంటుంది, అది నాకు ముందే తెలుసు. దానికి టిక్కెట్టు అక్కర్లేదు గనుక ఖర్చు కూడా లేదు. ఆ గంటన్నర గడిస్తే, అక్క కూతురి పెళ్ళికి పీటల దగ్గర నిలబడి అక్షింతలు వేయగలనన్న నమ్మకం కుదురుతుంది.

మీ ఇంట్లోనూ ఎవరో పిలుస్తూ ఉంటారు. ఆ పిలుపు అందుకోవడానికి మొదటి మెట్టు చిన్నదిగా వేసుకోండి. క్షేమంగా వెళ్ళి, లాభంగా రండి.